సెలైన్‌కు తొంభై ఆరు మార్కులు

తుమ్మపాడు ఏరియా ఆసుపత్రిలో డాక్టర్ వకుళ పద్నాలుగేళ్ళుగా జనాన్ని నిద్రపుచ్చుతోంది. ఊళ్ళో అందరూ ఆమెని మత్తు డాక్టరమ్మ అంటారు. సర్జన్లు వస్తారు, బదిలీ మీద పోతారు. మత్తు డాక్టరమ్మ మాత్రం ఆపరేషన్ బల్లకి తలవైపు అదే ఎత్తు స్టూలు మీద కూర్చుని, పడుకున్నవాళ్ళని నిన్న ఇంట్లో ఏం కూర వండారని అడుగుతూ ఉంటుంది. ఆనపకాయ అని మొదలుపెట్టినవాళ్ళు అందులో రొయ్యలు వేశారో లేదో చెప్పకుండానే నిద్రలోకి జారిపోతారు. మెలకువ వచ్చాక రొయ్యల సంగతి చెప్పి కథ పూర్తిచేసేవాళ్ళూ ఉన్నారు. ఈ ఉద్యోగంలో వకుళకి అన్నిటికన్నా ఇష్టమైనది ఆ కూర కబురే.

అలా నిమ్మళంగా ఉన్న మనిషి మీదకి ఆ ఏడు 'సరిపోలిక' పథకం వచ్చిపడింది.

రాజధానిలో ఒక పెద్ద అధికారిగారు భార్యకి చీర కొనడానికి వెళ్ళి, మూడు దుకాణాల్లో మూడు చీరలు పక్కపక్కన పెట్టి చూసి, చివరికి నాలుగో దుకాణంలో కొన్నారట. ఇంటికి చేరేలోగా ఆయనకి జ్ఞానోదయమైంది. లోకంలో సగం అనర్థాలు పోల్చి చూడకుండా వాడటం వల్లే వస్తున్నాయని తేలింది. వారం తిరక్కుండా ఆసుపత్రులన్నిటికీ సర్క్యులర్ వచ్చింది: "ఇకమీదట ఏ మందునుగాని, ద్రవమునుగాని సదరు కోవకు చెందిన కనీసము మూడింటితో పోల్చి, నూరింటికి మార్కులు వేయనిదే వాడరాదు. లబ్ధిదారుని అభిప్రాయమును ప్రభావము కొనసాగుచుండగానే సేకరించవలెను. తదుపరి జ్ఞాపకములు సాక్ష్యముగా చెల్లవు."

మార్కుల పట్టిక కూడా జతచేసి పంపారు. దాన్ని మొదట్లో ఆఫీసుల నేల తుడిచే ద్రావణాలు ఎంచడానికి తయారుచేశారని తెలిసినవాళ్ళు చెప్పుకున్నారు. అందుకే అందులో సువాసనకి పది మార్కులు, పారదర్శకతకి పదిహేను, జారుడు లేకపోవడానికి పన్నెండు ఉన్నాయి. లబ్ధిదారుని సహకారానికి ఏకంగా ముప్ఫై. చిట్టచివర 'ప్రత్యేక ప్రయోజనం' అని ఒక గడి ఉంది, దానికి నాలుగు మార్కులు. పట్టికలో గడి చేర్చినా తీసేసినా క్రమశిక్షణ చర్య తప్పదని కింద గీత గీసి మరీ రాశారు.

పోల్చడానికి ముగ్గురితో ఒక కమిటీ వేశారు. విషయం తెలిసినవాళ్ళకి ముందే ఒక అభిప్రాయం ఉంటుంది కాబట్టి నిష్పాక్షికత కోసం డాక్టర్లని దూరంగా పెట్టారు. పరిపాలనాధికారి వామనమూర్తిగారు అధ్యక్షులు. స్టోర్ కీపర్ కూర్మారావు ఒక సభ్యుడు. ఆసుపత్రి ఆవరణలో మొక్కలకి నీళ్ళు పోయించే తోట పర్యవేక్షకుడు రెండో సభ్యుడు.

మొదట దగ్గు మందుల పని పట్టారు. ఒకే మనిషికి ఒకే పూట మూడు మందులు పట్టించి, మూడోదానికి ఫస్టు ర్యాంకు ఇచ్చారు. ఆ మనిషి మూడోది తాగాక దగ్గలేదు, కుర్చీలోనే సోలిపోయాడు. తరవాత దూది, ఆ తరవాత కట్టు గుడ్డలు అయ్యాయి. అందరితోపాటు వకుళ కూడా కడుపుబ్బ నవ్వింది. తనదాకా వస్తేగాని తెలియదని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ రోజుల్లోనే గవరయ్య ఆసుపత్రికి వచ్చాడు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ. గజ్జల్లో రెండువైపులా హెర్నియా దిగి, దగ్గినా తుమ్మినా చేత్తో అదిమి పట్టుకుని నడుస్తున్నాడు. గానుగల సీజను మూడు నెలల్లో మొదలవుతుంది, అప్పటికి దిమ్మ ఎత్తలేకపోతే ఆ ఏడాదికి పని పోయినట్టే. ఇంతకుముందు రెండు ఆసుపత్రుల్లో చేరి, రెండుసార్లూ తెల్లవారేసరికి మంచం దిగి పారిపోయాడు. చిన్నప్పుడు తెగిన వేలికి ఓ కాంపౌండరు మత్తు లేకుండా తొమ్మిది కుట్లు వేశాడట. ఆ తొమ్మిదీ అతనికి ఇప్పటికీ లెక్క తప్పకుండా గుర్తున్నాయి. ఈసారి భార్య నూకరత్నం మణికట్టు వదలకుండా పట్టుకుని తీసుకొచ్చింది.

"మీరు మాటిత్తే పడుకుంటానమ్మా. నేకపోతే నా వల్ల కాదు" అన్నాడు వకుళతో.

వకుళకి ఇలాంటివాళ్ళంటే ప్రాణం. పక్కన కూర్చుని చెప్పింది. "కత్తి తగిలినట్టు నీకు తెలిసిందో, నేనీ ఉద్యోగం మానేస్తాను. పద్నాలుగేళ్ళలో ఎవరికీ తెలియలేదు, నీకూ తెలియదు." గవరయ్య నూకరత్నం వైపు చూశాడు, నూకరత్నం అతని మణికట్టు వదిలింది. ఆపరేషన్‌కి పదిహేను రోజుల తరవాత గురువారం ఖాయం చేశారు.

సరిగ్గా ఆ మర్నాడే కమిటీ థియేటర్ మెట్లెక్కింది. వామనమూర్తిగారు చెప్పులు బయట విడిచి, కళ్ళజోడు తుడుచుకుని, మత్తు విభాగాన్ని పోల్చడానికి వచ్చామని ప్రకటించారు. పోటీకి ఏవేవి ఉన్నాయని అడిగితే వకుళ చూపించింది. పీల్చే గ్యాసు ఒకటి, పాలలా తెల్లగా ఉండే ఇంజెక్షన్ ఒకటి, పొడి నీళ్ళలో కలిపి నరానికిచ్చే ఇంజెక్షన్ ఒకటి. అంతలో కూర్మారావు కళ్ళు స్టాండుకి వేలాడుతున్న సీసా మీద పడ్డాయి. రిజిస్టర్ తెరిచి చూస్తే 'మత్తు విభాగమునకు సరఫరా' అనే పేజీలో సెలైన్, రింగర్ లాక్టేట్, గ్లూకోజ్ కూడా ఉన్నాయి.

అవి ఒంట్లో నీరు తగ్గకుండా ఎక్కించే ద్రవాలనీ, నిద్రకీ వాటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరమనీ వకుళ నచ్చచెప్పబోయింది. వామనమూర్తిగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఒకే పేజీలో ఉన్నవి ఒకే కోవకి చెందుతాయనీ, కొన్నిటిని పోటీకి రానివ్వకపోవడం వివక్ష అవుతుందనీ సెలవిచ్చారు. తోట పర్యవేక్షకుడు అవునన్నట్టు తల ఊపాడు.

మొట్టమొదట అపెండిక్స్ ఆపరేషన్ జరుగుతున్న ఒకామె దగ్గరికి వెళ్ళారు. ఆవిడకి తెల్ల ఇంజెక్షన్ ఇచ్చి, గ్యాసు పెట్టి ఉంది, మంచి నిద్రలో ఉంది. వామనమూర్తిగారు ఆవిడ చెవి దగ్గర వంగి ఇరవై అయిదు ప్రశ్నల్లో మొదటిది చదివారు. "సదరు ఔషధము పట్ల మీ సంతృప్తి స్థాయి ఎంత?" ఆవిడ పలకలేదు. రెండోసారి, మూడోసారి కూడా పలకలేదు. 'లబ్ధిదారు సమాధానము నిరాకరించినది' అని రాసుకుని సహకారానికి సున్నా వేశారు. సర్జన్ లజపతిగారు తల ఎత్తకుండా తన పని తాను చేసుకుపోయారు. ఆయనకి రిటైర్మెంటుకి మూడేళ్ళుంది, ఆ మూడేళ్ళూ తల ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నారు. సాయంత్రం ఆవిడకి మెలకువ వచ్చేసరికి ఎందుకు సహకరించలేదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మంచానికి ఒక నోటీసు అంటించి ఉంది.

నాలుగు రోజుల్లో పదకొండు మందిని అడిగారు. నిద్రమందు తీసుకున్నవాళ్ళలో ఒక్కరూ నోరు విప్పలేదు. పైగా వాళ్ళు నిద్రపోయినట్టు ధ్రువీకరణ లేదు. నిద్రపోతున్నానని సంతకం చెయ్యమంటే ఒక్కడూ చెయ్యలేదు మరి. అందువల్ల ప్రత్యేక ప్రయోజనం కింద ఉన్న నాలుగు మార్కులు కూడా ఆ మందులకి దక్కలేదు.

సెలైన్ ఎక్కుతున్నవాళ్ళ సంగతి వేరు. వార్డులో వాళ్ళు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఇరవై అయిదు ప్రశ్నలకీ జవాబులు చెప్పి, అడక్కుండానే ఇరవై ఆరోది తామే వేశారు. సంతకాలు ముత్యాల్లా చేశారు. సెలైన్ అద్దంలా ఉంది కాబట్టి పారదర్శకతకి పదిహేనుకి పదిహేను. తెల్ల ఇంజెక్షన్‌లోంచి అవతలి గోడ కనబడలేదు కాబట్టి సున్నా. సెలైన్ ఎక్కుతుండగా ఒక ముసలమ్మ కాస్త కునికింది, అందుకని దానికి ప్రత్యేక ప్రయోజనం కింద రెండు మార్కులు కూడా వచ్చాయి. మొత్తం మీద సెలైన్‌కి తొంభై ఆరు, రింగర్ లాక్టేట్‌కి తొంభై ఒకటి. గ్లూకోజ్ పేరు చెప్పగానే చక్కెర జబ్బువాళ్ళు మొహం తిప్పుకోవడంతో అది మూడో స్థానంలో నిలిచింది. నిద్రమందులన్నీ కలిసి కూడా నలభై దాటలేదు.

ఆర్డరు సోమవారం వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, మత్తు అవసరములన్నింటికీ ఇకమీదట ప్రథమ స్థానము పొందిన సెలైన్‌ను మాత్రమే వాడవలెను. ఉత్తీర్ణత పొందని ఔషధములను కండెమ్ చేయడమైనది." మధ్యాహ్నానికల్లా కూర్మారావు వచ్చి నిద్రమందుల బీరువాకి తాళం వేసి, ఎర్ర కాగితం అంటించి వెళ్ళాడు.

వకుళ వామనమూర్తిగారి గదికి పరుగెత్తింది. ఆ గది చల్లగా ఉంది, ఆయన ఇంకా చల్లగా ఉన్నారు.

"సార్, సెలైన్ అంటే ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళు ఎక్కించి పొట్ట కోస్తే మనిషికి నొప్పి పుడుతుంది."

"నొప్పి అనే గడి పట్టికలో లేదమ్మా" అన్నారాయన ఓపిగ్గా. "మీ మందులకి కూడా సమానావకాశం కల్పించాము. పదకొండు సందర్భములలో అవి నోరు మెదపలేదు. మీ బాధ నేను అర్థం చేసుకోగలను, పద్నాలుగేళ్ళ అనుబంధం కదా. కానీ శాస్త్రం ముందు మమకారం పనికిరాదు."

శాస్త్రం అనే మాట ఆయన నోట వినేసరికి వకుళకి ఏడుపు రావలసింది, నవ్వు వచ్చింది. ఆ నవ్వుని ఆయన సమ్మతి కింద తీసుకుని, గురువారం సెలైన్ మత్తు ప్రారంభోత్సవమనీ, మొదటి లబ్ధిదారుగా గవరయ్యని ఎంపిక చేశామనీ చెప్పారు. ఆమె రాకపోయినా కార్యక్రమం ఆగదని కూడా అన్నారు, ఉప్పునీళ్ళు ఎక్కించడానికి మత్తు డాక్టరే ఉండాలని రూలేమీ లేదట.

గురువారం వకుళ ఇంటినుంచి గంట ముందే బయల్దేరింది. ముందు రోజు రాత్రే వచ్చి చేరిన గవరయ్యని వార్డులోనే పట్టుకుని విషయం చెప్పేద్దామనుకుంది. అయితే ఉత్సాహం పట్టలేక కమిటీ ఇంకో గంట ముందే వచ్చి, అతన్ని బల్ల మీద పడుకోబెట్టి, చేతికి సూది గుచ్చి, స్టాండుకి గులాబి రంగు రిబ్బను కట్టేసింది. లజపతిగారు చేతులు కడుక్కుని తల దించుకుని నిలబడ్డారు. గవరయ్య మాత్రం వకుళని చూసి తేలికపడ్డాడు. ఈమె వచ్చేసింది, ఇంకేం భయం లేదన్నట్టు కళ్ళు మూసుకుని, ఆమె అడక్కుండానే నిన్న ఇంట్లో గోంగూర వండారని మొదలుపెట్టాడు.

గోంగూర అయిపోయింది. అందులో ఎండు చేపలు వేశారని చెప్పాడు. మొన్నటి కూర కూడా అయిపోయింది. నిద్ర జాడ లేదు. వామనమూర్తిగారు రిబ్బను కత్తిరించి, లజపతిగారికి కానిమ్మని సైగ చేశారు.

వకుళ వంగి అతని చెవిలో మెల్లగా చెప్పింది. "గవరయ్యా, నా మందుకి తాళం వేశారు. ఈ సీసాలో ఉన్నది ఉప్పునీళ్ళు. నిద్ర రాదు. లేచి వెళ్ళిపో."

గవరయ్యకి రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు. ఒక చేత్తో గజ్జలు అదుముకుని, ఇంకో చేత్తో స్టాండు పట్టుకుని, బల్ల దిగి, కమిటీ మధ్యనుంచి తోవ చేసుకుని, మెట్లు దిగి, గేటు దాటి, పచ్చగౌను రెపరెపలాడుతుండగా బెల్లం మార్కెట్ రోడ్డెక్కాడు. స్టాండుకి మిగిలిన రిబ్బను ముక్క ఎగురుతుండగా అతని వెనక నూకరత్నం పరుగెత్తింది. థియేటర్‌లో వామనమూర్తిగారు గడియారం చూసుకుని కలం తీశారు. పాత మందులతో రోగి లేచి నడవడానికి ఒక రోజు పడుతుంది. సెలైన్‌తో ఆపరేషన్ కాకముందే నడిచాడు. ఆ సాయంత్రం పైకి వెళ్ళిన నివేదికలో సెలైన్ మార్కులు తొంభై ఎనిమిదికి పెరిగాయి.

వకుళ స్కూటీ మీద మార్కెట్‌కి వెళ్ళింది. గవరయ్య కాటా పక్కన ఖాళీ గోనెల మీద కూర్చుని ఉన్నాడు, స్టాండు పక్కనే నిలబడి ఉంది. ఆమె సూది తీసి, దూది అదిమి పట్టుకుంది. అతను కోప్పడతాడేమో అనుకుంది. కోప్పడి ఉంటే బాగుండేది.

"మీరు మాట నిలబెట్టుకున్నారమ్మా. కత్తి తగల్నేదు" అన్నాడు. "గానీ నా జబ్బు నాకుండిపోనాది. ఏటి సేత్తాం."

దిమ్మలు ఎత్తుతున్న తోటివాళ్ళ వైపు చూస్తూ అన్నాడా మాట. వకుళకి సిగ్గేసింది. తన తప్పేమీ లేదని తెలుసు, అయినా సిగ్గేసింది. పది రోజుల గడువు ఇవ్వమని అతన్ని అడిగింది, ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

తెలిసింది మర్నాడే. పొద్దున్నే కూర్మారావు దిగాలుగా ఆమె దగ్గరికి వచ్చాడు. కండెమ్ చేసిన సరుకుని ముప్ఫై రోజుల్లో నాశనం చెయ్యాలని రూలట. కాల్చుదామంటే పొగ పీల్చి వీధి వీధంతా పడుకుంటుందని భయం. పాతిపెడదామంటే పక్కనే బోరింగు. కాలవలో పారబోద్దామంటే చేపలు తేలతాయి, వాటికి సంజాయిషీ నోటీసు ఇవ్వడం కుదరదు. ఈ మూడు పద్ధతుల్నీ పోల్చమని ఆర్డరు వచ్చింది, మూడూ ఫెయిలయ్యాయి. ఇప్పుడేం చెయ్యాలో తోచడంలేదని వాపోయాడు.

వకుళ ఒక నిమిషం అతని మొహంలోకి చూసింది. తరవాత తెల్ల కాగితం తీసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, జీవితంలో మొట్టమొదటిసారి ఆఫీసు తెలుగు రాసింది.

"సదరు కండెమ్డ్ ఔషధముల నిర్మూలనకై నాలుగవ పద్ధతిని పరిశీలనార్థము సమర్పించుకొనుచున్నాను. మానవ శరీరమందలి కాలేయము సదరు ఔషధములను కొన్ని గంటలలో పూర్తిగా విచ్ఛిన్నము చేయగలదు. కావున వాటిని స్వల్ప మోతాదులలో, శిక్షణ పొందిన వైద్యుల పర్యవేక్షణలో, సమ్మతి తెలిపిన విచ్ఛిన్న సహాయకుల రక్తనాళములలోనికి పంపి నాశనము చేయవచ్చును. నిర్మూలన జరుగు సమయమున సహాయకుడు కదలక పడియుండును గనుక, ఆ సమయము వృథా కాకుండా సర్జనుగారు తమ పని చూసుకొనవచ్చును. మత్తు అవసరములకు యథావిధిగా సెలైన్ ఎక్కుచుండును."

కమిటీ దాన్ని పట్టికలో పెట్టి తూచింది. పొగ లేదు కాబట్టి సువాసనకి పూర్తి మార్కులు. జారుడు లేదు. చేపల అభ్యంతరం లేదు. సహాయకుడి సమ్మతి పత్రం ముందే చేతికి వస్తుంది కాబట్టి సహకారానికి ముప్ఫైకి ముప్ఫై. నాలుగో పద్ధతికి తొంభై ఏడు వచ్చాయి. సెలైన్‌ని మించనందుకు వామనమూర్తిగారు సంతోషించి సంతకం పెట్టారు.

పదో రోజున గవరయ్య మళ్ళీ బల్ల మీద పడుకున్నాడు. కూర్మారావు ఎర్ర కాగితం చించి, తెల్ల ఇంజెక్షన్ తీసిచ్చి, 'నాశనార్థము' అని రిజిస్టర్‌లో ముద్ర వేశాడు. గవరయ్య స్టాండు మీది సీసానీ, వకుళ చేతిలోని ఇంజెక్షన్‌నీ మార్చి మార్చి చూశాడు.

"ఇది నాదే. ఇవాళ నేనిస్తున్నాను" అంది వకుళ. "నిన్న ఏం కూర?"

"బీరకాయమ్మా, అందులో..." అన్నాడు గవరయ్య.

అంతే. లజపతిగారు రెండువైపులా తాపీగా కుట్టారు, మధ్యలో ఒక్కసారి తల ఎత్తి వకుళని చూసి, మళ్ళీ దించేసుకున్నారు. రెండు గంటల తరవాత గవరయ్య కళ్ళు తెరిచి, ఎప్పుడు మొదలెడతారమ్మా అని అడిగాడు. అయిపోయిందని వకుళ చెప్పింది, రెండువైపులా అయిపోయిందని చెప్పింది. అతను దుప్పటి ఎత్తి కట్లు చూసుకుని, నూకరత్నాన్ని పిలిచి ఆవిడకి కూడా చూపించి, అప్పుడు గాని నమ్మలేదు. నమ్మాక పెద్ద మగాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వకుళ కళ్ళు తుడుచుకోడానికి బయటికి వెళ్ళింది, అక్కడ లజపతిగారు ముందే నిలబడి అదే పని చేసుకుంటున్నారు.

ఆ ఏడాది తుమ్మపాడులో మూడువందల పన్నెండు ఆపరేషన్లు సెలైన్‌తో దిగ్విజయంగా జరిగాయి. మూడువందల పన్నెండు మంది విచ్ఛిన్న సహాయకులు ఉన్న సరుకంతా నాశనం చేసిపెట్టారు. మార్చిలో రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. నిర్మూలనలో రాష్ట్రానికే ఆదర్శంగా నిలిచిన తుమ్మపాడుకి వచ్చే ఏడాది లక్ష్యాన్ని రెట్టింపు చేశారు. నాశనం చెయ్యడానికి సరుకు చాలదు కాబట్టి ఆరువందల ఇరవై నాలుగు మోతాదులు కొత్తవి కొని, ఫ్యాక్టరీలోనే ఎర్ర కాగితం అంటించి పంపుతున్నారు.

ఆ ఉత్తరాన్ని వామనమూర్తిగారు స్వయంగా వకుళ గదికి తెచ్చి ఇచ్చారు. అభినందించారు. టీ వద్దన్నారు. అయినా కదల్లేదు. కుర్చీలో ఒక పక్కకి ఒరిగి, కుడి డొక్క కింద చెయ్యి పెట్టుకుని, గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నారు. పిత్తాశయంలో రాళ్ళట, నాలుగు నెలలనుంచి బాధిస్తున్నాయట. తప్పదని లజపతిగారు చెప్పారట. చివరికి తలుపు దగ్గరగా వేసి, విచ్ఛిన్న సహాయకులకి వయోపరిమితి ఏమైనా ఉందా అని అడిగారు.

"లేదు సార్. కానీ మీకు సెలైన్ ఒక్కటే పెడితే సరిపోతుందేమో. తొంభై ఎనిమిది మార్కులు కదా" అంది వకుళ.

వామనమూర్తిగారు ఆమె మొహంలోకి చూడలేకపోయారు. "అది ప్రజల కోసం పెట్టిన పథకమమ్మా" అన్నారు నెమ్మదిగా.

వకుళ సొరుగు లాగి, సమ్మతి పత్రం తీసి బల్ల మీద పరిచి, మోతాదు లెక్క కోసం అందరినీ అడిగినట్టే ఆయన్నీ బరువెంతో అడిగింది.